పోలండ్ బాగుపడింది యూరప్ డబ్బుతోనా? మా ఓనరు మామ్మగారు ఒకటి చెబుతారు, కొడుకు ఇంకొకటి

#1 వలసపక్షి
అందరికీ నమస్కారం. నేను ఐదేళ్లుగా పోలండ్‌లో, వ్రొత్స్వాఫ్‌లో ఉంటున్నాను. మా ఇంటి ఓనరు మామ్మగారికి డెబ్బై ఆరేళ్లు. వాళ్ల సొంతూరు ఇక్కడికి డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న వావుబ్జిఖ్. బొగ్గు గనుల ఊరు. ఆవిడ భర్త గనిలో పనిచేసేవారు. 1990ల్లో ఆ ఊరి గనులన్నీ ఒకదాని వెనక ఒకటి మూసేశారు. పని పోయినవాళ్లు చుట్టుపక్కల అడవిలో పలుగూ పారా పట్టుకుని గోతులు తవ్వి, బొగ్గు తీసి, గోతాల్లో నింపి ఇళ్లకు అమ్ముకున్నారట. ఆ గోతులను ఇక్కడివాళ్లు 'బియెదా షిబీ' అంటారు, పేదోళ్ల గనులు అని అర్థం. మట్టి కూలి చచ్చిపోయినవాళ్లూ ఉన్నారు.

మామ్మగారి మాట ఇది: "పాతరోజుల్లో అందరికీ పని ఉండేది. ఏడాదికోసారి గనివాళ్లే మమ్మల్ని సముద్రం దగ్గరికి పంపేవాళ్లు. ఇప్పుడు రోడ్లు బాగున్నాయి, ఊళ్లో మనుషులు లేరు."

వాళ్లబ్బాయి దీన్ని ఒప్పుకోడు. ఆయనకిప్పుడు నాలుగు లారీలున్నాయి, జర్మనీకి సరుకు తోలతాడు. "మాంసానికి రేషన్ కార్డు పట్టుకుని అమ్మ ఎన్ని గంటలు నిలబడేదో నేను చూశాను, ఆవిడ మర్చిపోయింది" అంటాడు. మొన్న ఆదివారం భోజనాల దగ్గర ఈ విషయం మీదే ఇద్దరికీ మాటామాటా పెరిగింది. మధ్యలో నేను.

ఇంతకీ ఎవరి మాట నిజం? ఈ దేశం లేచింది 1990 నాటి మార్పులతోనా, 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరాక వచ్చిన డబ్బుతోనా? తెలిసినవాళ్లు చెప్పండి.

#2 లెక్కల_మాస్టారు (హనుమకొండ)
బాబూ, ముప్పై ఏళ్లు అర్థశాస్త్రం చెప్పినవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మీరు అడిగినదాంట్లో రెండు తేదీలున్నాయి. ఒకటి 1990 జనవరి 1. రెండోది 2004 మే 1. మామ్మగారి గాయం మొదటి తేదీది, వాళ్లబ్బాయి లారీలు రెండో తేదీవి. మధ్యలో పద్నాలుగేళ్లున్నాయి. అసలు కథ అక్కడే జరిగింది.

1989లో పోలండ్‌లో ధరలు నెలనెలా ఎగబాకుతున్నాయి. దుకాణాల్లో సరుకు లేదు, విదేశీ అప్పు 4,000 కోట్ల డాలర్లు దాటింది. కమ్యూనిస్టుల పాలన పోయాక వచ్చిన కొత్త ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి లెషెక్ బాల్త్సెరోవిచ్. 1990 జనవరి 1న ఒక్క దెబ్బతో చాలా ధరల మీద ఆంక్షలు ఎత్తేశాడు. సబ్సిడీలు కోశాడు. వాళ్ల కరెన్సీ జ్లోటీ విలువ బాగా తగ్గించి డాలరుకు 9,500 దగ్గర కట్టేశాడు. ఎవరైనా దిగుమతి చేసుకోవచ్చు, వీధిలో బల్ల వేసుకుని అమ్ముకోవచ్చు అన్నాడు. ప్రభుత్వ కంపెనీలు హద్దు దాటి జీతాలు పెంచితే ఆ పెంపు మీద భారీ పన్ను వేశాడు. ఆ ఏడాది ద్రవ్యోల్బణం 585 శాతం! అందులో పెద్ద భాగం మొదటి ఒకటి రెండు నెలల్లోనే. తర్వాత వేగం తగ్గింది, దుకాణాలు నిండాయి. కానీ జీతాల కొనుగోలు శక్తి సుమారు నాలుగో వంతు పోయింది. నిరుద్యోగం దాదాపు సున్నా నుంచి 1993 చివరికి 16 శాతం దాటింది. ఉత్పత్తి మళ్లీ 1989 స్థాయి అందుకునేసరికి 1996 వచ్చింది. చుట్టుపక్కల దేశాలతో పోలిస్తే అదే ముందు.

పైవాళ్లు చేసిన సాయం గురించి తక్కువ మంది మాట్లాడతారు. 1991లో ప్యారిస్ క్లబ్, అంటే అప్పులిచ్చిన దేశాల కూటమి, తమకు రావాల్సిన పోలండ్ అప్పులో సగం మాఫీ చేసింది. అది లేకపోతే ఎంత గట్టి మంత్రి అయినా చేతులెత్తేసేవాడని నా నమ్మకం.

ఇక మార్కెట్ సంగతి. 1991 డిసెంబర్‌లో పోలండ్, హంగరీ యూరప్‌తో అనుబంధ ఒప్పందం మీద సంతకం పెట్టాయి, 1994లో అమల్లోకి వచ్చింది. అంటే ఫ్యాక్టరీ సరుకు మీద సుంకాలు 2004కి ఎంతో ముందే రాలిపోయాయి. మరి 2004లో కొత్తగా వచ్చిందేమిటి? రూల్స్. పాల డబ్బా మీద లేబుల్ నుంచి బ్యాంకుల తనిఖీ దాకా 31 అధ్యాయాల చట్టాలు తమ దేశంలో అమలు చేసి చూపించాకే చేరనిచ్చారు. పెట్టుబడి పెట్టేవాడికి ఆ భరోసా కావాలి. రేపు ప్రభుత్వం మారినా రూల్ మారదని.

మన 1991తో చాలామంది పోలుస్తారు. పి.వి. గారి హయాంలో మనం తలుపు మెల్లగా తెరిచాం. అంతకుముందూ మన పొలం, మన కిరాణా కొట్టు మనవే. వాళ్లకు పొలం తప్ప మిగతాది దాదాపు అంతా సర్కారుదే. రెండిటినీ ఒకే గాటన కట్టలేం.

#3 సరయు_లైప్‌జిగ్
మాస్టారూ, జ్లోటీ విలువ తగ్గించారు అని ఒక్క ముక్కలో దాటేశారు. నా దృష్టిలో కథంతా అక్కడే ఉంది. నేనుండేది పాత తూర్పు జర్మనీలో. ఇక్కడ సరిగ్గా దానికి వ్యతిరేకం చేశారు.

1990 జూలై 1న రెండు జర్మనీల కరెన్సీ ఒక్కటైంది. తూర్పు మార్కు జీతాలను ఒకటికి ఒకటి లెక్కన పశ్చిమ మార్కుల్లోకి మార్చారు. జనం సంబరపడ్డారు, వాళ్లు అడిగిందీ అదే. కానీ అప్పటిదాకా తూర్పు ఫ్యాక్టరీలు ఎగుమతుల్లో ఒక పశ్చిమ మార్కు సంపాదించాలంటే నాలుగుకు పైగా తూర్పు మార్కులు ఖర్చుపెట్టేవి. అంటే ఒక్క రాత్రిలో వాళ్ల సరుకు ధర నాలుగింతలైనట్టు! పోలండ్ ఫ్యాక్టరీకి చవక జ్లోటీ గొడుగు పట్టింది, ఇక్కడి ఫ్యాక్టరీ నడివానలో నిలబడింది.

ప్రభుత్వ కంపెనీలను అమ్మడానికి పెట్టిన సంస్థ పేరు ట్రాయ్‌హాంట్. సుమారు 8,500 కంపెనీలు, 40 లక్షల మంది ఉద్యోగులు దాని చేతికొచ్చారు. నాలుగేళ్లలో దుకాణం సర్దేసింది. త్స్వికావులో ట్రబాంట్ కారు తయారీ 1991 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. మా పక్కింటి పెద్దాయన నూలు మిల్లులో మెకానిక్. నలభై ఒకటో ఏట పని పోతే యాభై మూడు దాకా పక్కా ఉద్యోగం దొరకలేదు. ఆయన మాట తలుచుకుంటే నాకిప్పటికీ గొంతు పట్టేస్తుంది: "డబ్బు వచ్చింది. పింఛను వచ్చింది. పొద్దున్నే లేచి వెళ్లే చోటు పోయింది."

డబ్బు మాట నిజమే. పశ్చిమం నుంచి వచ్చినంత సొమ్ము పోలండ్‌కు కలలో కూడా రాలేదు. అయినా కుర్రకారంతా పడమటికి వెళ్లిపోయారు. లైప్‌జిగ్‌కి పోర్షే, బీఎండబ్ల్యూ వచ్చాక మళ్లీ ఊపిరొచ్చింది. ఊరు దాటి ముప్పై కిలోమీటర్లు వెళ్తే ఇప్పటికీ ఖాళీ ఇళ్లే. తూర్పు, పడమర పింఛన్ల లెక్క సమానమైంది 2023 జూలైలో!

అందుకే, యూరప్ డబ్బుతోనే పోలండ్ లేచింది అంటే నేను ఒప్పుకోను. డబ్బే సరిపోతే తూర్పు జర్మనీ అందరికంటే ముందుండాలి.

#4 తెనాలి_కుర్రాడు
చాలా మంచి చర్చ. రైతుల సంగతేమైంది? నాన్నగారిది మూడెకరాల మాగాణి. పోలండ్‌లో కూడా చిన్న కమతాలే అని ఎక్కడో చదివాను. పెద్ద మార్కెట్‌లో చేరితే చిన్న రైతు బతుకుతాడా?

#5 నర్సన్న_జగిత్యాల
తమ్మీ, దీనికి నేను చెప్త. గల్ఫ్‌ల పన్నెండేండ్లు చేసిన, గిప్పుడు రెండేండ్ల సంది పోలండ్‌ల ఉన్న. వార్సా కింద గ్రూయెత్స్ అని ఉంటది. యాడ చూసినా ఆపిల్ తోటలే. నేను ఆపిల్ కోల్డ్ స్టోరేజీల పని చేస్త. మా సేఠ్ రైతే, ముప్పై ఎకరాల తోట.

ఈ దేశంల కమ్యూనిస్టుల జమానాల గూడ భూమి శానా మటుకు రైతుల చేతులనే ఉండె. నాలుగింట్ల మూడొంతులు సొంత పట్టాలే. మా సేఠ్ చెప్తడు: 2003ల చేరుదామా వద్దా అని ఓట్లు పెడితే, నూటికి 77 మంది చేరుదాం అన్నరు గని రైతులకే ఎక్కువ భయముండెనట. జర్మనోళ్లు పైసలు పట్టుకొని వచ్చి భూములు కొంటరు, మనం కూలోళ్లం అయితం అని. గందుకే పన్నెండేండ్ల దాక బయటోళ్లు ఊకె వ్యవసాయ భూమి కొనకుండ షరతు పెట్టుకున్నరు.

చేరినంక ఏమైందంటే, ఎకరాల లెక్కన పైసలు సీదా బ్యాంకుల పడుడు షురూ అయింది. పాత దేశాల రైతులకు వచ్చేదాంట్ల మొదటేడు నాలుగో వంతే ఇచ్చిన్రు, తర్వాత ఏటేటా పెంచిన్రు. మా సేఠ్ ఆ పైసలకు బ్యాంకు లోను కలిపి కోల్డ్ స్టోరేజీ కట్టిండు. గని ఇద్దరు ముగ్గురు ఆవులోళ్లు మాత్రం పాల కాడ ఆగలే. పాలు చల్లగ వెట్టే ట్యాంకు కావాలె, షెడ్డు గిట్లుండాలె, గట్లుండాలె అన్నరు. అంత పెట్టుబడి యాడికెళ్లి తెస్తరు? ఆవులు అమ్ముకున్నరు.

2014ల రష్యా ఆపిల్లు బంద్ పెట్టింది. ఇక్కడి ఆపిల్లకు అదే పెద్ద బజారు. ఆ యేడు తోటలల్లనే పండ్లు కుళ్లినయట. ఒక్క బజారును నమ్ముకుంటే గట్లనే అయితది తమ్మీ. మెల్లగ ఈజిప్టుకు, గల్ఫ్‌కు పంపుడు నేర్చుకున్నరు. నేను దుబాయ్‌ల ఉన్నప్పుడు సూపర్‌మార్కెట్ల పోలండ్ ఆపిల్లు సర్దిన, గిప్పుడు అవే డబ్బాలల్ల నింపుతున్న.

ఇంకో ముచ్చట. మా సేఠ్ తమ్ముడు జవానీల జర్మనీ పొయ్యి తోటలల్ల కాయలు తెంపిండు. గిప్పుడు వాళ్ల తోటలల్ల తెంపేటందుకు ఉక్రెయిన్ నుంచి, నేపాల్ నుంచి, మన దిక్కు నుంచి వస్తున్నం. మా సేఠ్ మాతోని మంచిగ మాట్లాడుతడంటే అదే కారణమని నేననుకుంట.

#6 తెనాలి_కుర్రాడు
నర్సన్నా, చాలా థాంక్స్. పాల ట్యాంకు సంగతి నాన్నగారికి చదివి వినిపించాను. మా ఊళ్లో బల్క్ కూలర్ వచ్చినప్పుడూ ఇదే జరిగిందన్నారు.

#7 ఎర్రమందారం
చదువుతున్నాను, బాధగా ఉంది. ఎవరూ అసలు మాట ఎత్తడం లేదు. నలభై ఏళ్లు జనం చెమటతో కట్టిన ఫ్యాక్టరీలు ఎవరికి పోయాయి? చెక్‌లో 1992లో ప్రతి పెద్దవాడికీ కూపన్ పుస్తకం ఇచ్చారు, వెయ్యి కొరునాలు కట్టి వాటాదారు అవ్వమన్నారు. జనానికి కంపెనీల లెక్కలు ఏం తెలుస్తాయి? ఏడాదిలో పదింతలు ఇస్తామని ప్రకటనలు వేసిన ఫండ్ చేతిలో కూపన్లు పెట్టారు. ఆ తర్వాత కంపెనీల లోపలి ఆస్తి ఎలా ఖాళీ అయిందో చెప్పడానికి చెక్ భాషలో 'సొరంగం తవ్వడం' అనే మాటే పుట్టింది. చివరికి పెద్ద బ్యాంకులన్నీ ఆస్ట్రియా, ఫ్రాన్స్, బెల్జియం వాళ్ల చేతికి పోయాయి.

మా నాన్న బాలానగర్‌లో ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో టర్నర్. 'స్వచ్ఛంద' పదవీ విరమణ కాగితం మీద సంతకం పెట్టి వచ్చిన రోజు ఇంట్లో అన్నం ఎవరూ ముట్టలేదు. మామ్మగారు పాతరోజులు తలుచుకుంటే అది మతిమరుపు అని కొడుకు అనొచ్చు, మనం అనకూడదు. మాస్టారు "1996కి కోలుకుంది" అని రాశారు. దేశం కోలుకుంది. గోతిలో కూలిపోయినవాడు కోలుకున్నాడా?

#8 లెక్కల_మాస్టారు (హనుమకొండ)
అమ్మా, మీ మాట తీసిపారేసేది కాదు. నా వాక్యంలో ఆ లోపం ఉంది, ఒప్పుకుంటున్నాను. సగటు లెక్కలో వావుబ్జిఖ్ కనబడదు. పోలండ్ ఉత్తరాన, పడమటన ఉన్న సర్కారు వ్యవసాయ క్షేత్రాలు కూడా కనబడవు. 1991 చట్టంతో వాటిని రద్దు చేశారు. నాలుగు లక్షలకు పైగా పనివాళ్లు. ఇళ్లు కారుచౌకగా వాళ్లకే ఇచ్చేశారు. కానీ ఆ ఇళ్లున్న చోట వేరే పనే లేదు. తర్వాత బస్సులూ తగ్గిపోయాయి. పట్నంలో ఉద్యోగం ఉన్నా పొద్దున ఆరింటికి అక్కడికి చేరే దారి లేదు. సంస్కరణ తలపెట్టినవాళ్లు ధరల గురించి ఆలోచించినంతగా బస్సుల గురించి ఆలోచించలేదు.

చెక్ కూపన్ల మీద కూడా మీతో ఏకీభవిస్తాను. చట్టం, కోర్టు, సెబీ లాంటి కాపలాదారు లేకుండా వాటాలు పంచడం తొందరపాటు. పోలండ్ పెద్ద కంపెనీల అమ్మకంలో నిదానించింది, అదే మేలు చేసింది. అక్కడ చిన్న దుకాణాలు, కొత్తగా పుట్టిన కంపెనీలే జనానికి పని ఇచ్చాయి.

కానీ అన్నీ నెమ్మదిగా చేస్తే చాలు అన్నదానికీ నేను ఓటు వేయను. స్లొవేనియా అలాగే చేసింది, పెద్ద బ్యాంకులు సర్కారు దగ్గరే ఉంచుకుంది. కొత్త సభ్యుల్లో అందరికంటే ముందు, 2007లో యూరో తెచ్చుకుంది. బాగానే ఉంది. ఆ బ్యాంకులే అయినవాళ్లకు అప్పులిచ్చి మునిగితే 2013 చివర్లో 300 కోట్ల యూరోలకు పైగా ఖజానా నుంచి పోశారు. బల్గేరియా సంస్కరణలను సాగదీసింది. 1997 ఫిబ్రవరిలో ఒక్క నెలలోనే ధరలు మూడింతలు దాటాయి. వాయిదా వేసినా ఖర్చు పడుతుంది, పడేది మళ్లీ పేదవాడి మీదే.

#9 ఎర్రమందారం
బస్సుల మాట ఒప్పుకున్నందుకు సంతోషం మాస్టారూ. అయినా 'వాయిదా వేసినా ఖర్చు పడుతుంది' అన్న మాట నాకు మింగుడు పడదు. అప్పు సగం మాఫీ చేయగలిగినవాళ్లు గని కార్మికుడికి ఐదేళ్ల జీతం ఇవ్వలేకపోయారా? తర్వాత 1990ల చివర్లో పోలండ్‌లోనే ఎగువ సిలీసియా ప్రాంతం గనులు మూసినప్పుడు మంచి పరిహారాలిచ్చారు కదా. వావుబ్జిఖ్ వాళ్లు ముందు మునగడమే వాళ్లు చేసిన నేరమా?

#10 ప్లెవెన్_డాక్టరమ్మ
మాస్టారు బల్గేరియా పేరెత్తారు కాబట్టి రాస్తున్నాను. నేను ప్లెవెన్‌లో మెడిసిన్ నాలుగో సంవత్సరం, మాది కర్నూలు. మా హాస్టల్ వంటావిడకి 1997 చలికాలం బాగా గుర్తు. జనవరి జీతం ఫిబ్రవరిలో చేతికొచ్చేసరికి కొన్ని రోజుల తిండికి కూడా చాలలేదట. బ్యాంకులు కూలిపోయాయి, దాచుకున్నది పోయింది. ఆ ఏడాది జూలై 1న ఇక్కడి కరెన్సీ లెవాను జర్మన్ మార్కుకు కట్టేశారు. అప్పటినుంచి ఆ ముడి విప్పలేదు. మార్కు పోయి యూరో వచ్చాక యూరోకి 1.95583 లెవాలు, అదే లెక్క ఇన్నేళ్లూ. 2026 జనవరి 1 నుంచి మాకిక్కడ యూరోనే. వంటావిడ మాత్రం ఇంకా లెవాల్లోనే లెక్కపెట్టి, ఉల్లిపాయలు ప్రియమయ్యాయని కోప్పడుతోంది.

నన్ను కలచివేసేది వేరే. 1985లో ఈ దేశ జనాభా దాదాపు 90 లక్షలు. 2021 లెక్కల్లో 65 లక్షలు. పుట్టుకలు తగ్గాయి, మిగతావాళ్లు వెళ్లిపోయారు. క్లినికల్ పోస్టింగ్‌లో ఒక పల్లెకు తీసుకెళ్లారు. బడి ఉంది, పిల్లల్లేరు. ఇళ్ల తలుపుల మీద చనిపోయినవాళ్ల ఫొటోల కాగితాలు అంటించి ఉంటాయి, అది ఇక్కడి ఆనవాయితీ. ఆ వీధిలో మనుషుల కంటే ఆ కాగితాలే ఎక్కువ కనిపించాయి. మాతో పాటు చదివే బల్గేరియా పిల్లలు సెకండియర్‌లోనే జర్మన్ క్లాసులకు వెళ్తున్నారు. వాళ్లను తప్పుపట్టలేను, మేమూ అందుకే వచ్చాం. కానీ డెబ్బై ఏళ్ల నర్సు నైట్ డ్యూటీ చేస్తుంటే చూసి ఆ రాత్రి నిద్రపట్టలేదు.

చేరడానికి కట్టిన ధరల్లో ఇదీ ఒకటి: కొజ్లొదూయ్ అణు కేంద్రంలో నాలుగు పాత రియాక్టర్లు ఆపాలని షరతు పెట్టారు. ఆఖరి రెండూ 2006 చివరి రోజున ఆపేశారు, మర్నాడే సభ్యత్వం వచ్చింది.

#11 మోడరేటర్
చర్చ బాగా సాగుతోంది. సభ్యుల కులం, పార్టీ ప్రస్తావనతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. దయచేసి విషయానికే కట్టుబడండి.

#12 సరయు_లైప్‌జిగ్
డాక్టరమ్మా, మీరు రాసింది చదివి కాసేపు ఆగిపోయాను.

2004లో బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్ కొత్త సభ్య దేశాల పనివాళ్లకు వెంటనే తలుపు తెరిచాయి, జర్మనీ 2011 దాకా ఆపింది. ఆ ఏడేళ్లలో పోలండ్ నుంచి లక్షల మంది బయటికి వెళ్లారు. 2004లో అక్కడ నిరుద్యోగం 20 శాతం దగ్గర. ఆ జనం వెళ్లకుండా ఉంటే ఏమయ్యేదో మాస్టారు చెప్పాలి. వాళ్లు పంపిన డబ్బు, వాళ్ల వల్ల ఖాళీ అయిన కుర్చీలు కూడా లెక్కలోకి రావాలి కదా.

#13 లెక్కల_మాస్టారు (హనుమకొండ)
వస్తాయమ్మా, రావాలి. అది లెక్కలో కట్టడం కష్టం కాబట్టి నాలాంటివాళ్లం వదిలేస్తాం. మొదటి పోస్టులో అడిగిన డబ్బు మాట కూడా తేల్చేస్తాను. 2007-13 మధ్య రోడ్లు, మురుగు శుద్ధి, కాలేజీల కోసం యూరప్ నుంచి పోలండ్‌కు కేటాయించింది సుమారు 6,700 కోట్ల యూరోలు. ఏటా జీడీపీలో రెండు మూడు శాతం. తక్కువేం కాదు. కానీ పోలండ్ ఎగుమతుల్లో నాలుగో వంతుకు పైగా ఒక్క జర్మనీయే కొంటుంది. ఆ దారి మూసుకుపోతే ఎన్ని హైవేలు వేసినా వాటి మీద తోలడానికి సరుకుండదు. తలసరి ఆదాయం 2004లో యూరప్ సగటులో సగం, ఇప్పుడు 80 శాతం దగ్గర. 2009లో యూనియన్‌లో మాంద్యంలో పడని దేశం అదొక్కటే. సొంత జ్లోటీ ఉండి, దాని విలువ పడిపోవడం అప్పుడు కలిసొచ్చింది. తన కరెన్సీని యూరోకు కట్టిన ముడి విప్పని లాట్వియా ఆ ఏడాది జీతాలు కోసి, బడులు మూసి బయటపడింది.

గని కార్మికుడికి ఐదేళ్ల జీతం ఇవ్వలేకపోయారా అన్న ఎర్రమందారం గారి ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. ఇచ్చి ఉండాల్సింది.

#14 వలసపక్షి
అందరికీ ధన్యవాదాలు. రెండు రోజులు నేనేమీ రాయలేదు, మీ పోస్టులు మామ్మగారికి చదివి వినిపిస్తూ కూర్చున్నాను. నా పోలిష్ అంతంతమాత్రం, వాళ్లబ్బాయి సాయం పట్టాడు.

పేదోళ్ల గనుల గురించి మొదటిసారి వివరంగా చెప్పారు. భర్త రెండు చలికాలాలు ఆ పని చేశారట. ఆయన గోతిలోకి దిగితే పైన తాడు పట్టుకున్నది పెద్ద కొడుకు. పెద్ద కొడుకు ఉన్నాడన్న సంగతే నాకు తెలియదు. ఇప్పుడు ఐర్లాండ్‌లో స్థిరపడ్డాడు. ఈ లారీల అబ్బాయి కూడా 2004 జూన్‌లో అన్న వెనకే డబ్లిన్ వెళ్లి, గోడౌన్‌లో నాలుగేళ్లు పనిచేసి, ఆ డబ్బుతో మొదటి సెకండ్‌హ్యాండ్ లారీ కొన్నాడు. అంతకుముందు ఇక్కడే ఎవరి దగ్గరో డ్రైవరు. సరిహద్దులో కస్టమ్స్ కాగితాల కోసం ఒక రాత్రి, ఒక పగలు బండిలోనే పడుకున్న రోజులున్నాయట. ఇప్పుడు సరిహద్దులో ఆ కాగితాలే అడగరంటాడు.

ఆ నాలుగేళ్లూ ఆయన కూతుర్ని పెంచింది మామ్మగారే. "రోడ్లు వేశారు, నా పిల్లలు వాటి మీదే వెళ్లిపోయారు" అన్నారు. కొడుకు ఎదురు చెప్పలేదు. లేచి టీ పెట్టుకొచ్చాడు.

వావుబ్జిఖ్‌లో పాత గనిని మ్యూజియం చేశారు. ఊళ్లో టయోటా ఫ్యాక్టరీ ఉంది, నిరుద్యోగం ఇప్పుడు పెద్ద సమస్య కాదంటున్నారు. మామ్మగారు ఇరవై ఏళ్లుగా అటు వెళ్లలేదట. వచ్చే నెల రెండో ఆదివారం తీసుకెళ్తానన్నాను, సరే అన్నారు. ఆయన తవ్విన చోటు చూపిస్తారట, ఇప్పుడక్కడ చెట్లు పెరిగి ఉంటాయి.

#15 నర్సన్న_జగిత్యాల
అన్నా, నేను గూడ వస్త. ఆదివారం మాకు సెలవు. మా అన్న గూడ గోదావరిఖని బాయిల పనిచేసిండు, ఆ మామ్మతోని కూసొని మాట్లాడాలని ఉంది. గ్రూయెత్స్ నుంచి వ్రొత్స్వాఫ్‌కు పొద్దుగాల ఏ బస్సుంటదో జర చూసి చెప్పు.